కలశములోని మత్స్యము



గడచిన ధనుర్మాసమున సికింద్రాబాదులోని ఒక దేవాలయమున ప్రవచనము ముగిసినది. తీర్థగోష్ఠి జరిగి భక్తులు ఇండ్లకు మరలుచుండగా ఒక పెద్దమ్మగారు మండపస్తంభము చెంత నిలిచియుండిరి. ప్రతిదినము తప్పక వచ్చువారు. చేతిలో ప్రసాదపు దొప్ప ఉన్నది గాని ఆమె దానిని ఇంకను ముట్టలేదు. "ఏమమ్మా, చలిలో నిలిచిపోయినారు?" అని అడిగితిని.

"స్వామీ, ఒక సందేహము. చిన్న విషయమే. అడుగవచ్చునో కాదో యని ఆగితిని" అని ఆమె చెప్పసాగినది. "మా అమ్మాయి, అల్లుడుగారు గల్ఫు దేశములో ఉన్నారు. క్రిందటి వేసవిలో వారి యింటికి పోయితిని. మనుమడికి ఏడేండ్లు. ఒకనాడు డాల్ఫిన్ల ఆటకు తీసికొనిపోయినారు. అవి నీటినుండి పైకెగిరి బంతిని ముట్టెతో కొట్టినవి, చక్రములోనుండి దూకినవి, పాటకు తగినట్లు తిరిగినవి. పిల్లవాడు చప్పట్లు కొట్టి కొట్టి అలసిపోయినాడు. నేనును కొట్టితిని. అబద్ధమెందుకు, నాకును ముచ్చటగానే ఉండినది. ఆట అయిపోయినది, జనమంతా లేచినారు. నాకు మోకాళ్ళ నొప్పులు గదా, అందరికన్న చివర లేచితిని. అప్పుడు చూచితిని. ఒక డాల్ఫిన్ ఆ తొట్టి గోడవెంట గుండ్రముగా తిరుగుచునే ఉన్నది. పాట లేదు, బంతి లేదు, చూచువారు లేరు. అయినను తిరుగుచునే ఉన్నది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వేసవికి మరల రమ్మనుచున్నారు. టిక్కెట్లు ముందే తీయించుమని మనుమడు పట్టుబట్టినాడు. ఆ టిక్కెట్టు కొనుట దోషమా స్వామీ?"

నేను వెంటనే సమాధానము చెప్పలేదు. దోషమని ఒక్క మాటలో తేల్చివేసిన, పిల్లవాని సంతోషమును త్రుంచినట్లగును. కాదని పంపివేసిన, ఆ తల్లికి నిద్ర పట్టని రాత్రిని అవమానించినట్లగును. "రేపు చెప్పెదనమ్మా" అని పంపితిని. ఆ రాత్రి భాగవతము అష్టమస్కంధమును తెరచితిని. ఆమె ప్రశ్నకు తగిన కథ ఒకటి అందు ఉన్నదని నా మనస్సునకు తోచినది. మరునాడు గోష్ఠిలో విన్నవించిన విషయమునే ఇక్కడ వ్రాయుచున్నాను.

సత్యవ్రతుడు ద్రవిడదేశమునకు రాజు. కృతమాలానదిలో నిలిచి జలతర్పణము చేయుచుండగా ఆయన దోసిటిలోనికి ఒక చేపపిల్ల వచ్చినది. దానిని తిరిగి నీటిలో విడువబోయెను. "రాజా, పెద్ద జంతువులు నన్ను మ్రింగును, కాపాడుము" అని ఆ చేపపిల్ల వేడుకొన్నది. రాజు దయాళువు. దానిని తన కలశములో నుంచి ఆశ్రమమునకు తెచ్చెను. ఒక్క రాత్రిలో అది పెరిగి, కలశమున తనకు చోటు చాలదన్నది. పెద్ద నీటికుండలో వేసెను. ముహూర్తకాలములో అదియును చాలలేదు. కొలనులో విడిచెను, చాలలేదు. ఒక దానికన్న ఒకటి పెద్దదైన మడుగులకు మార్చెను, చాలలేదు. తుదకు సముద్రమునకు కొనిపోయెను. అప్పటికిని, సముద్రములోని మకరములు తన్ను భక్షించునని ఆ మత్స్యము పలికినది.

ఈ కథను మనము ప్రళయము కొరకును, వేదరక్షణము కొరకును వినుచుందుము. కాని నడుమనున్న ఈ చిన్న ఘట్టమును దాటి పోరాదు. సత్యవ్రతుడు దుర్మార్గుడు కాడు. చేపను వలవేసి పట్టినవాడు కాడు, అమ్మినవాడు కాడు. రక్షింపవలెనను తలంపుతోనే దానిని కలశమున నుంచెను. అయినను ప్రతి మారును అతడు ఒకే ప్రశ్న వేసికొనెను: దీనిని ఎక్కడ ఉంచుదును? పాత్ర మార్చెను గాని ప్రశ్న మార్చలేదు. సముద్రతీరమున నిలిచినప్పుడు గాని అతని నోట రెండవ ప్రశ్న రాలేదు: నీవు ఎవరవు? ఆ ప్రశ్న వచ్చిన క్షణముననే అతనికి జ్ఞానము కలిగెను. ఎదుట నున్నది తాను పోషించు ప్రాణి కాదు, తన్ను రక్షింపవచ్చిన స్వామి యని తెలిసినది.

డాల్ఫిన్లను తొట్లలో నుంచుటను గూర్చి లోకమున నేడు జరుగుచున్న వాదమంతయు ఈ రెండు ప్రశ్నల నడుమనే ఉన్నది. ఎక్కడ ఉంచవలెను, ఎంత పెద్ద తొట్టి కట్టవలెను అనునది ఒకరి ప్రశ్న. అది ఎవరు అనునది మరియొకరి ప్రశ్న. కనుక ముందుగా రెండవ ప్రశ్ననే విచారింతము.

డాల్ఫిన్ రూపమున చేపవలె నుండును గాని చేప కాదు. మనవలె ఊపిరితిత్తులు గలది, వేడి రక్తము గలది, పిల్లను కని పాలిచ్చి పెంచునది. నీటిలో నివసించుచు గాలికై పైకి వచ్చును. మనకు ఊపిరి నిద్రలో తనంతట తానే ఆడును. డాల్ఫిన్ ప్రతి శ్వాసకును తానే పూనుకొని పైకి రావలెను. కనుక అది నిద్రించునప్పుడు మెదడులో ఒక సగము మాత్రమే నిద్రించును, రెండవ సగము మేల్కొనియుండును. కన్నులకన్న అది చెవులను ఎక్కువగా నమ్ముకొన్నది. తాను చేసిన ధ్వని ఎదుటి వస్తువునకు తగిలి మరలి వచ్చుటను బట్టి చీకటి నీటిలో త్రోవను, ఆహారమును తెలిసికొనును. సముద్రములో ఒక్క దినమున పదుల కిలోమీటర్లు తిరుగును. ఒంటరిగా కాక గుంపుతో బ్రతుకును.

ఇంకొక విశేషము. సముద్రపు డాల్ఫిన్లలో పిల్ల పుట్టిన మొదటి ఏడాదిలోనే తనదియైన ఒక ఈలను ఏర్పరచుకొనునని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది దానికి పేరు వంటిది. తోటివి ఆ ఈలను అనుకరించి పిలిచిన, అది బదులు పలుకును. నామము యొక్క మహిమ ఎరిగినవారము మనము. పేరుతో పిలిచిన పలుకు ప్రాణిని గాజుతొట్టెలోని అలంకారవస్తువుగా తలచుట మనకు తగునా?

మన పూర్వులు ఈ ప్రాణిని ఎరుగని వారు కారు. సంస్కృతమున దీనికి శింశుమారమని పేరు. కొందరు ఈ పదమునకు మొసలి యని అర్థము చెప్పుదురు గాని, గంగలోని డాల్ఫిన్ అనుటయే పెక్కురి మతము. హిందీవారు నేటికిని దానిని సూఁస్ అందురు. భాగవతము పంచమస్కంధమున జ్యోతిశ్చక్రమంతయు శింశుమార రూపమున వర్ణింపబడినది. తోక కొనయందు ధ్రువుడు, నడుము చుట్టు సప్తర్షులు, రెండు ప్రక్కల నక్షత్రములు, ఉదరమున ఆకాశగంగ, మనస్సున చంద్రుడు, హృదయమున సాక్షాత్తు నారాయణుడు. ఆ రూపమును సంధ్యాకాలములందు స్మరించుట పాపహరమని శ్రీశుకులు సెలవిచ్చిరి. ఆకసమంతయు ఏ రూపమునకు చాలినదో, ఆ రూపమును మనము కొన్ని గజముల తొట్టిలో ఇమిడ్చి, గంటకొకమారు ఎగురుమనుచున్నాము.

ఇక వాదమును విందము. తొట్లను సమర్థించువారందరును క్రూరులని తలచుట న్యాయము కాదు. వారి మాటలలో బరువైనవి నాలుగు కలవు.

మొదటిది: సముద్రమున సొరచేపలు, వలలు, ఆకలి, రోగములు ఉన్నవి, తొట్టిలో వేళకు ఆహారము, వైద్యుడు, భద్రత ఉన్నవి. ఇది సత్యవ్రతుని దోసిటిలోని చేపపిల్ల పలికిన మాటయే. కాని ఆ చేపపిల్లయే మరునాటి ఉదయమున, ఈ కలశమున సుఖముగా నుండజాలనని చెప్పినది. మొదటి మాటను విని రెండవ మాటను వినకుండుట దయ కానేరదు. తన దేశముననే దీనికి సాక్ష్యము కలదు. చెన్నపట్టణమునుండి మహాబలిపురమునకు పోవు సముద్రపు దారిలో 1998లో డాల్ఫిన్ల ఆటశాల తెరచిరి. స్థలశయన పెరుమాళ్ళ సేవకు పోవు యాత్రికులు నడచు దారియే అది. బల్గేరియా దేశమునుండి తెచ్చిన డాల్ఫిన్లు అచట కొద్ది మాసములలోనే మరణించినవి. ఆహారమునకును భద్రతకును ఏర్పాటు చేసియే తెచ్చియుందురు. అయినను అవి బ్రతుకలేదు.

రెండవది: పిల్లలు కన్నులార చూచిన గాని ప్రేమింపరు, ప్రేమింపని దానిని రక్షింపరు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని పిల్లవాడు అచట నేర్చుకొనునది ఏమి? డాల్ఫిన్ అనగా మనిషి ఈల వేసిన ఎగురునది, ఎగిరిన చచ్చిన చేప నొకదానిని బహుమానముగా పొందునది. ఇది ప్రాణిని గూర్చిన విద్య కాదు, ప్రాణిపై మన అధికారమును గూర్చిన విద్య. ఇచట ఒక అమెరికా దేశస్థుని చరిత్ర చెప్పవలసియున్నది. రిక్ ఓబారీ అనునాయన 1960లలో ఫ్లిప్పర్ అను టెలివిజన్ ధారావాహికకై డాల్ఫిన్లకు ఆటలు నేర్పినవాడు. ఆ కార్యక్రమమును చూచి లోకమంతట ఎందరో తొట్టిలోని డాల్ఫిన్లపై ముచ్చటపడిరి. అందు నటించిన కాథీ అను డాల్ఫిన్ 1970లో తన చేతులలోనే శ్వాసను తిరిగి తీసికొనక ప్రాణము విడిచెనని ఆయన చెప్పుచుండును. నాటినుండి ఆయన తాను కట్టిన దానినే పడగొట్టుటకు జీవితమును వినియోగించెను. నేర్పినవాని సాక్ష్యమునకు బరువెక్కువ.

మూడవది: తొట్టిలో పుట్టి పెరిగిన వాటిని నేడు ఎక్కడికి పంపుదుము? ఇది నిజముగా కఠినమైన ప్రశ్న. కైకో అను పేరుగల ఒక ఓర్కా ఉండెను. ఓర్కా డాల్ఫిన్ కుటుంబములోనిదే. దానిని 1979లో ఐస్‌లాండు వద్ద చిన్నతనమున పట్టిరి. చలనచిత్రములో నటింపజేసిరి. ప్రజలు జాలిపడి పోరాడగా 1998లో తిరిగి ఐస్‌లాండునకు చేర్చి, సముద్రపు అలవాటు నేర్పిరి. 2002లో అది స్వేచ్ఛగా ఈదుచు నార్వే తీరమును చేరెను గాని మనుష్యుల సాంగత్యమునే వెదకుకొనెను. 2003లో మరణించెను. కనుక పట్టినంత సులభముగా విడుచుటకు వీలులేదు. ఉన్నవాటిని బ్రతికినన్నాళ్ళు ఆటలు లేకుండ, వీలైనంత విశాలమైన నీటిలో పోషించుట మనుష్యులు తీర్చవలసిన ఋణము. కాని ఆ కారణము చూపి క్రొత్తవాటిని పట్టుటకును, కనిపించుటకును వీలులేదు.

నాలుగవది: నశించిపోవుచున్న జాతులనైన తొట్లలో కాపాడవచ్చును గదా! దీనికి చైనాదేశము యాంగ్‌ట్సీ నది బదులు చెప్పినది. ఆ నదిలో బైజీ అను తెల్లని డాల్ఫిన్లు ఉండెడివి. గాలములకు చిక్కి గాయపడిన ఒక మగ బైజీని 1980లో కాపాడి వూహాన్ నగరమున పెంచిరి. ఛీఛీ అని పేరు పెట్టిరి. అది అచట ఇరువది రెండేండ్లు జీవించి 2002లో మరణించెను. అందులో పెక్కేండ్లు తోడు లేకయే గడచినవి. ఇంతలో నదిలో ఓడలు పెరిగినవి, వలలు పెరిగినవి, కల్మషము పెరిగినది. 2006లో శాస్త్రజ్ఞులు ఆరు వారములు ఆ నదిని గాలించిరి. ఒక్క బైజీ కూడ కానరాలేదు. కలశములో ఒక చేపను బ్రతికించి, నదిని చంపుకొన్న కథ ఇది. ఆ శాస్త్రజ్ఞుల సేవను తక్కువ చేయరాదు. కాని పాత్ర ఎన్నటికిని నదికి బదులు కాజాలదని మాత్రము తెలిసికొనవలెను.

ఈ విచారణ వలన దేశములు కొన్ని మార్గము మార్చుకొన్నవి. మన భారతదేశము ఈ విషయమున ముందు నడచినదని చెప్పుటకు సంతోషించుచున్నాను. దేశమున పలుచోట్ల డాల్ఫిన్ల ఆటశాలలు పెట్టవలెనని ప్రతిపాదనలు వచ్చినప్పుడు, 2013 మే 17న కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఉత్తర్వు జారీచేసి, అట్టివానికి అనుమతి ఈయరాదని రాష్ట్రములకు తెలిపెను. డాల్ఫిన్లు మిక్కిలి తెలివియు, సున్నితత్వమును గలవనియు, వాటిని మనుష్యేతర వ్యక్తులుగా చూడవలెనని శాస్త్రజ్ఞులు కొందరు సూచించుచున్నారనియు అందు పేర్కొనిరి. వ్యక్తి యను ఆ మాటను గమనింపుడు. సత్యవ్రతుని రెండవ ప్రశ్న ప్రభుత్వపు కాగితమునకు ఎక్కినది. అటు తరువాత 2019లో కెనడా, 2021లో ఫ్రాన్సు చట్టములు చేసినవి.

మన నగరమునకును ఈ వాదము దూరము కాదు. హిమాయత్‌సాగరము చెంత కొత్వాల్‌గూడలో సముద్రజీవులను చూపు పెద్ద ఆక్వా మెరైన్ పార్కును నిర్మింపవలెనని ప్రతిపాదన వచ్చినది. 2025లో సినీరంగమునకు చెందిన కొందరు దానిని వ్యతిరేకించి తెలంగాణ హైకోర్టును ఆశ్రయించిరి. అచట డాల్ఫిన్లను ఉంచుదురని నేననుట లేదు. 2013 నాటి ఉత్తర్వు అందుకు అడ్డు నిలిచియున్నది. న్యాయస్థానము తేల్చవలసినది న్యాయస్థానమే తేల్చును. మనము తేల్చుకొనవలసినది వేరొకటి కలదు. సముద్రమునకు మిక్కిలి దూరమున నున్న మనము సముద్రమును ఇంటి ముంగిటికి రప్పించుకొనవలెనను కోరిక ఎట్టిది? విశాఖతీరమున నిలిచి ఓపికతో చూచిన, అదృష్టమున్న, డాల్ఫిన్ల వీపులు అలలపై మెరసి మాయమగుట కనబడును. కనబడకపోయిన మరల పోవలెను. తిరుమలకు నడచిపోయి వేచియుండి క్షణకాలము స్వామిని సేవించువారికి, దర్శనమనగా మన వేళకు జరుగునది కాదని వేరుగ చెప్పవలెనా?

పొరుగువానిని ప్రశ్నించుట సులభము. మన గడపలోపల కూడ చూచుకొందము. మా యింట నా చిన్నతనమున ఒక చిలుక ఉండెడిది. ఇత్తడి పంజరము, వెండి గిన్నె, నేతిలో వేయించిన పప్పు. దానికి గోవిందనామము నేర్పినది నేనే. వచ్చినవారందరును విని మురిసిపోవుచుండిరి. ఒకనాడు పంజరము తలుపు మూయుట మరచితిని. చిలుక బయటికి వచ్చి, పంజరముపై నిలిచి, రెక్కలు విప్పి, ఎగురలేక నేలపై పడినది. మా తాతగారు దానిని ఉత్తరీయముతో ఎత్తుకొని చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నాయనా, దీనికి మనము గోవిందుని పేరు నేర్పితిమి. గోవిందుడు దీనికి నేర్పిన దానిని మరపించితిమి" అనిరి. ఏబది యేండ్లు దాటినను ఆ మాట నా చెవిలో నున్నది. నేడు వన్యప్రాణి సంరక్షణ చట్టము మన చిలుకను పంజరమున నుంచుటను నిషేధించుచున్నది. కాని నాకు ఆ తీర్పు చట్టము చెప్పకముందే వినబడినది.

మన గోలకొండలో రామదాసు బందీఖానాను మీరందరును చూచియుందురు. తానీషా కాలమున భద్రాచల రామదాసు అచట పండ్రెండేండ్లు చెరలో నుండెనని మనవారు చెప్పుకొందురు. అంతటి భక్తునికి అంతటి బాధ ఎందుకు కలిగెనని ప్రజలు అడుగగా, హరికథకులు చెప్పు సమాధానము ఒకటి కలదు: పూర్వజన్మమున ఆయన ఒక చిలుకను పంజరమున బంధించియుండెననియు, అది అనుభవించిన కాలమునే తాను అనుభవించెననియు. ఇది చరిత్రయా యని తర్కింపకుడు. తెలుగువారు తమ భక్తశిఖామణి కథలో ఈ మాటను ఎందుకు చేర్చుకొనిరో ఆలోచింపుడు. ప్రేమతో పెంచిన పంజరమునకు కూడ లెక్క ఉన్నదని మనవారి హృదయమునకు తెలియును.

శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ తల్లి చేతిలోని చిలుకను సేవించితిరా? అది పంజరములోని చిలుక కాదు. దానిని ప్రతిదినము ఆకులతో, దానిమ్మపూవు ముక్కుతో క్రొత్తగా అల్లి అమ్మకు సమర్పింతురు. అమ్మవారి ముచ్చట తీరుటకు ఏ రెక్కయు విరుగనక్కరలేదు. మొసలికి చిక్కిన ఏనుగు మొర విని, పక్కనున్న లక్ష్మీదేవికైన చెప్పక పరుగున వచ్చిన స్వామికి, గొలుసులతో కట్టిన ఏనుగు సేవ ఎంతవరకు ప్రియమగునో దేవాలయములవారమును, భక్తులమును గూడ శాంతముగా ఆలోచింపవలసిన కాలము వచ్చినది. డాల్ఫిన్‌ను గూర్చి అడిగిన ప్రశ్న మన ముంగిట ఆగిపోరాదు.

ఇంకొక మాట. టిక్కెట్టు కొనకుండుట సులభమైన ధర్మము. కఠినమైనది వేరొకటి. సత్యవ్రతుడు మత్స్యమును సముద్రమునకు చేర్చెను. ఆ సముద్రము బాగుండినది గనుక చేర్చెను. మన గంగలోని శింశుమారమునకు మనము విడుచుచున్న నీరెట్టిది? ఆ ప్రాణి కన్నులలో కటకము లేదు, దాదాపు గ్రుడ్డిది. ధ్వనియే దానికి చూపు. ఆకాశములోని శింశుమారపు కడుపున గంగ ఉన్నది, ఈ శింశుమారము గంగ కడుపున ఉన్నది. అశోకుడు తన అయిదవ స్తంభశాసనమున చంపరాని ప్రాణులను పేర్కొనుచు గంగకు చెందిన ఒక జలచరమును చేర్చెను. అది ఈ డాల్ఫినే యని పలువురు పండితుల అభిప్రాయము. దీనిని భారత ప్రభుత్వము 2009లో జాతీయ జలచరముగా నిర్ణయించెను. 2021 నుండి 2023 వరకు ఎనిమిది రాష్ట్రములలో ఇరువది యెనిమిది నదులను వెదకి లెక్కింపగా, నదీ డాల్ఫిన్లు 6,327 అని తేలినది. ఆ లెక్కను 2025లో ప్రకటించిరి. ఇంత పెద్ద దేశమునకు, ఇన్ని నదులకు అంతే. చేపల వలలకు చిక్కి, ఆనకట్టల నడుమ వేరుపడి, నీరు తగ్గి, మురికి పెరిగి అవి క్షీణించుచున్నవి.

రైలెక్కి కాశీకి, గయకు పోవు మన యాత్రికులు పూజాపుష్పములను ప్లాస్టిక్ సంచితో సహా గంగలో విడుచుట నేను చూచితిని. నిండు భక్తితోనే విడుతురు. కాని ఆ సంచి తల్లి కడుపునకు, ఆమె కడుపులోని బిడ్డకు విషమగును. ఇకమీదట సంచిని ఇంటికి మరల తెండు. పుష్పములను మట్టికి ఒప్పగింపుడు. పాత వస్త్రములను, పటములను నదిలో వేయకుడు. గోదావరిలోనైనను, కృష్ణలోనైనను, మన హుస్సేన్‌సాగరములోనైనను ఇదే నియమము. నదిని నదిగా ఉంచినవాడు వేయి తొట్లు కట్టినవానికన్న ఎక్కువ ప్రాణులను పోషించినవాడగును.

ఇక ఆ తల్లికి చెప్పిన సమాధానము. "అమ్మా, తెలియక చప్పట్లు కొట్టితివి. అది దోషముగా నిన్ను అంటదు. కాని ఆట ముగిసిన తరువాత నీవు చూచిన దానిని భగవంతుడే నీకు చూపెను. వందలమంది చూడని దానిని నీకు మాత్రము చూపిన తరువాత, మరల చూడనట్లుండుట నీకు చెల్లదు. టిక్కెట్టు కొనకుము. అయితే పిల్లవానికి వద్దని మాత్రము చెప్పి ఊరకుండకుము. వద్దన్నచోట ఒక మంచి వస్తువును ఉంచవలెను. కలశములోని మత్స్యము కథ చెప్పుము."

పదిదినముల తరువాత ఆమె మరల వచ్చినది. ముఖమున చిరునవ్వు, కన్నులలో తడి. ఫోనులో మనుమనికి కథ అంతయు చెప్పినదట. అలిగి రెండు దినములు మాటాడలేదట. మూడవనాడు వాడే ఫోను చేసి, "అమ్మమ్మా, ఆ చేపకు సముద్రము కూడ ఎందుకు చాలలేదు?" అని అడిగినాడట. "నాకు తెలియలేదు స్వామీ. మిమ్ములను అడిగి చెప్పుదునంటిని" అని ఆమె నిలిచినది.

ఏడేండ్ల బాలుని ప్రశ్నకు నాకు తోచిన సమాధానము ఇది. మనము ఒక ప్రాణిని ఉంచుటకు చోటు వెదకునంతవరకు ఏ చోటును చాలదు. అది ఎవరిదో తెలిసిననాడు, అది ఉన్న చోటే దానికి వైకుంఠము. ఆ బాలుడు ఈ వేసవికి సికింద్రాబాదు వచ్చుచున్నాడు. అతనిని విశాఖకు తీసికొనిపోయి, తీరమున కూర్చుండబెట్టి, సముద్రమును చూపుదునని ఆ తల్లి చెప్పినది. డాల్ఫిన్ కనబడునో లేదో చెప్పలేము. కనబడకపోయిన, లోపల ఎక్కడనో ఈదుచున్నదని నమ్మి నమస్కరించి రావలెను. కనబడని వానికి నమస్కరించుట మనకు క్రొత్త కాదు గదా!

మత్స్యరూపుడైన శ్రీమన్నారాయణుడు మన దోసిళ్ళను విశాలము చేయుగాక. స్వస్తి.